కండక్టరప్ప, రెండువందల యాభై అట్టముక్కలు

మొన్న ఆదోనిలో మందుల అంగడికి పోయి బీపీ మాత్రలు కొన్నాను. బిల్లు కొట్టే అమ్మాయి ఫోన్ నంబరు అడిగింది. చెప్పాను.

"అంకుల్, మీకు నూట నలభై పాయింట్లు ఉన్నాయి. వాడేస్తారా?" అంది.

ఆ పాయింట్లు ఎప్పుడు వచ్చాయో, ఎందుకు వచ్చాయో నాకు తెలియదు. వాడితే ఏమొస్తుందని అడిగాను. పద్నాలుగు రూపాయలు తగ్గుతుందట. సరేనన్నాను. సంచి పట్టుకుని మెట్లు దిగుతుంటే నవ్వొచ్చింది. నా బదులు కండక్టరప్ప వచ్చి ఉంటే ఆ అమ్మాయి పని అయిపోయేది. ఎన్ని రూపాయలకు ఒక పాయింటు, ఏ తేదీ లోపల వాడాలి, మనిషి పోతే పాయింట్లు పెండ్లానికి వస్తాయా రావా, ఇవన్నీ తేల్చుకోకుండా ఆయన ఆ మెట్లు దిగేవాడు కాదు.

ఆయన పోయి ముప్పై ఏళ్లు దాటింది. అసలు పేరు నాకు ఒక్కసారే, ఏదో ఫారం మీద కనిపించింది. ఎమ్మిగనూరులో ఆ పేరుతో అడిగితే ఎవరూ ఇల్లు చూపించలేరు. అందరికీ ఆయన కండక్టరప్పే.

ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య తిరిగే ఒక ప్రైవేటు బస్సులో పాతికేళ్లకు పైగా కండక్టరుగా పనిచేశాడు. ఆ పనికి పింఛను లేదు. మానేసేటప్పుడు ఓనరు ఇచ్చిన డబ్బు పోస్టాఫీసులో వేసుకున్నాడు. దాని మీద వచ్చే వడ్డీతో మొగుడూ పెండ్లాం బతకాలి. పిల్లలు లేరు. బస్టాండు వెనకాల రెండు గదుల బాడుగ ఇల్లు.

బస్సు దిగిపోయినా బస్సు ఆయన్ని వదల్లేదు. కదలని నేల మీద కూడా కాళ్లు ఎడంగా పెట్టి, ఏ క్షణమైనా మలుపు వస్తుందన్నట్టు నిలబడేవాడు. కూర్చోవడం చాలా అరుదు. ఎవరింటికి పోయినా ద్వారబంధానికి నడుము ఆనించి మాట్లాడేవాడు. నోట్లను నిలువుగా మడిచి ఎడమచేతి వేళ్ల సందుల్లో పెట్టుకునేవాడు. చెవి మీద పెన్సిలు ఉండేది. మాట ముగిస్తే "రైట్" అనేవాడు, ఎదుటివాణ్ణి ఆపాలంటే "హోల్డాన్" అనేవాడు. చౌకధరల అంగడి దగ్గర వరుసలో నిలబడినా ఊరుకోలేక "ముందుకు జరగండమ్మా, ముందుకు జరగండి, ఎనకాల స్థలం లేదు" అని అరిచేవాడు. జనం నిజంగానే జరిగేవాళ్లు.

ఆయన నాకు పరిచయమైంది డెబ్బైల చివర. నేను అప్పుడే ఆదోనిలో ఒక ఏజెన్సీలో సేల్స్‌మన్‌గా చేరాను. లాంతరు బొమ్మ టీపొడి, ఒక బట్టల సబ్బు, ఇంకా చిల్లర సరుకులు. వారానికి రెండు రోజులు నాది ఎమ్మిగనూరు లైను. కొత్త చొక్కా, చేతిలో ఆర్డరు పుస్తకం, నడకలో కొంచెం పొగరు. ఒకరోజు బస్టాండు ఎదుట కిరాణా అంగట్లో ఆర్డరు రాసుకుంటుంటే వెనక నుంచి ఎవరో వీపు తట్టారు.

"ఏమప్పా, లాంతరు కంపెనీ నువ్వేనా?"

"అవునప్పా."

టీ ప్యాకెట్టు మూత నుంచి కత్తిరించిన అట్టముక్క ఒకటి నా ముఖం ముందు పెట్టాడు. దాని మీద లాంతరు బొమ్మ. ఆ బొమ్మలు దాచి ఇస్తే కంపెనీ బహుమతులు ఇచ్చేది. పది బొమ్మలకు స్పూను, నలభైకి స్టీలు గ్లాసు, నూటికి టిఫిను క్యారియరు, రెండువందల యాభైకి కిరసనాయిలు వత్తుల స్టవ్వు.

"దీని ఎనకాల ఏం రాసినారో సదివినావా?"

నేను చదవలేదు. చదివినట్టు తలూపాను.

"ఊపొద్దు. సదువు."

చదివాను. చీమల్లాంటి అక్షరాల్లో 'స్టాకు ఉన్నంతవరకు మాత్రమే' అని ఉంది.

"స్టాకు ఎంతుండాది?"

"ఉందప్పా."

"ఉండాదంటే ఎన్ని? స్పూన్లెన్ని, గ్లాసులెన్ని, స్టవ్వులెన్ని?"

"ఆఫీసులో అడగాల."

ఆయన అంగడాయన వైపు తిరిగి, నేనక్కడ లేనట్టే చెప్పాడు. "సూడప్పా. బస్సులో సీట్లెన్నుండాయో తెలీకుండా నేను టికెట్లు కొట్టింటే, మా ఓనరు నన్ను నడిదావలో ఆరేకల్లు కాడనే దించేసేటోడు."

ఆ రోజు నుంచి ఎమ్మిగనూరు లైనుకు పోయే ముందు స్కీము కాగితాలు రెండుసార్లు చదువుకుని పోయేవాణ్ణి. పరీక్షకు పోయినట్టే ఉండేది.

ఆయన బతుకంతా స్కీముల మీద నడిచేదని చెబితే కొంచెం ఎక్కువ చెప్పినట్టవుతుంది. కానీ స్కీములు లేకపోతే ఆ వడ్డీ డబ్బు ఇరవయ్యో తేదీకే అయిపోయేది. పంచలు, దుప్పట్లు గాంధీ జయంతికి చేనేత సొసైటీ రిబేటు ఇచ్చినప్పుడే కొనాలి. పంచె జూలైలో చినిగితే అక్టోబరు దాకా ఓర్చుకోవాలి. నూనె కొనడానికి ఆదోని మిల్లుకు సొంత డబ్బా తీసుకుపోతే డబ్బా ఖరీదు తగ్గుతుంది. సబ్బు కట్ట కొంటే లోపల చీటీ ఉంటుంది, ఆ చీటీతో అరకట్ట వస్తుంది. కొత్త సంవత్సరానికి ఏ అంగడి వాళ్లు క్యాలెండరు పంచినా తెచ్చుకునేవాడు. గోడ సున్నం రాలిన చోటల్లా ఒక క్యాలెండరు తగిలించాడు. వాళ్లింట్లో ఏ గోడ వైపు చూసినా తేదీ తెలిసేది.

ఆయన పెట్టుకున్న నియమం మాత్రం ఒకటే. బహుమతి కోసం వస్తువు కొనకూడదు.

"కావాల్సింది కొన్నప్పుడు వచ్చేదే గిఫ్టు," అనేవాడు. "గిఫ్టు కోసమని కొంటే మనమే కంపెనీకి గిఫ్టు ఇచ్చినట్ల."

మరి మొగుడూ పెండ్లాం ఇద్దరే ఉన్న ఇంట్లో నెలకు ఒక టీ ప్యాకెట్టు కంటే ఎక్కువ ఖర్చు కాదు కదా, రెండువందల యాభై అట్టముక్కలు ఎక్కడివి? బస్టాండులో టీ హోటలు నడిపే మస్తాన్ ఉన్నాడు. అతను రోజుకు రెండు మూడు ప్యాకెట్లు విప్పేవాడు. అట్టలు దాచే ఓపిక లేక పొయ్యిలో వేసేవాడు. ఆ అట్టలు తనకు ఇమ్మని కండక్టరప్ప అడిగాడు. ఊరికే తీసుకోవడం ఆయనకు రాదు కాబట్టి బదులుగా ఒక పని చేసిపెట్టేవాడు. పొద్దున రెండు గంటలు హోటలు ముందు నిలబడి బస్సుల వేళలు అరిచేవాడు.

"ఆదోని బండి ఇంకా పది నిమిషాలుండాది! కర్నూలు బండికి డ్రైవరే రాలేదు! కూర్చోండి, తాగండి, ఇంకొకటి తాగండి!"

బస్సు పోతుందనే భయం తీరిపోవడంతో ప్రయాణికులు స్థిమితంగా కూర్చుని రెండో టీ చెప్పేవాళ్లు. మస్తాన్ గల్లా నిండేది. "కండక్టరప్ప గొంతు మా హోటలుకు బర్కత్," అని మస్తాన్ అందరికీ చెప్పేవాడు.

వాళ్లింటికి నేను మొదటిసారి పోయినప్పుడు ఆయన భార్య నాకు ఉప్మా పెట్టింది. సన్నగా, పొట్టిగా ఉండే మనిషి. మాటకు ముందు ఒక దగ్గు, తర్వాత ఒక దగ్గు. ప్లేటు పక్కన మూడు స్టీలు స్పూన్లు పెట్టింది.

"ఒకటి చాలు పెద్దమ్మా," అన్నాను.

"తీసుకో నాయనా. ఇంట్లో ముప్పై రెండుండాయి. మేమిద్దరం సేత్తోనే తింటాం. వచ్చినోళ్లకన్నా పనికిరానీ."

ద్వారబంధానికి ఆనుకుని ఉన్న కండక్టరప్ప, "అవన్నీ పాత స్కీమువి," అన్నాడు తప్పు చేసినవాడిలా. "ఇప్పుడు సిన్న సిన్నవాటికి పోలే. స్టవ్వు కోసం కూడబెడతాండా."

అప్పటికి ఆ ఇంట్లో వంట పత్తికట్టె మీద జరిగేది. ఆదోని చుట్టుపక్కల పత్తి ఏరాక మిగిలే కట్టె చౌకగా దొరుకుతుంది, త్వరగా అంటుకుంటుంది, అంతకంటే త్వరగా ఇల్లంతా పొగ నింపుతుంది. ఆమెకు ఉబ్బసం. పొగ దగ్గరికి పోవద్దని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడట.

"పోవద్దంటే, పొయ్యి నా దగ్గరికి వస్తాదా?" అని ఆమె నవ్వింది. నవ్వు దగ్గులోకి మారి చాలాసేపు ఆగలేదు. కండక్టరప్ప చెవి మీది పెన్సిలు తీసి, దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

బయటికి వచ్చాక నన్ను వీధి మలుపు దాకా సాగనంపాడు.

"అంగట్లో స్టవ్వు కొనాలంటే మాకు రెండు నెల్ల బియ్యం అప్పా. నూట తొంభై అయినాయి అట్టలు. మీ ఆఫీసులో స్టవ్వులెన్నుండాయో అడిగినావా?"

"మూడు వచ్చినాయంట. రెండు ఆదోని హోటలోళ్లు తీసుకున్నారు. ఒకటుండాది."

"ఆ ఒకటి నాకు పెట్టు."

"పెడతానప్పా," అన్నాను. మాటైతే ఇచ్చాను.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. అప్పటికి నాకు పెళ్లై నాలుగు నెలలు. ఆదోనిలో కోట కింద వీధిలో ఒకే గది. వంట, పడక అన్నీ అందులోనే. మా ఇంట్లోనూ పత్తికట్టే. సాయంత్రం ఇంటికి పోయేసరికి నా భార్య కళ్లు ఎర్రగా ఉబ్బి ఉండేవి. ఏడ్చిందేమోనని మొదట్లో భయపడేవాణ్ణి, తర్వాత పొగ అని తెలిసింది. మా గోడౌనులో బహుమతి సామాను మీద పెద్ద కాపలా ఉండేది కాదు. సేల్స్‌మన్లు స్పూన్లు, గ్లాసులు జేబులో వేసుకుపోవడం మామూలే. ఒక శనివారం నేను స్టవ్వు డబ్బాను సైకిలు వెనక కట్టుకుని ఇంటికి తీసుకుపోయాను. కంపెనీ నాకు బహుమతిగా ఇచ్చిందని భార్యకు చెప్పాను. ఆమె ఆ రోజు వీధిలో అందరినీ పిలిచి చూపించింది.

కండక్టరప్ప గుర్తుకు రాలేదని అబద్ధం చెప్పను. వచ్చాడు. వచ్చే నెల కొత్త స్టాకు వస్తుందిలే, అందులో ఒకటి ఆయనకు ఇస్తానులే అనుకున్నాను.

కొత్త స్టాకు బదులు కంపెనీ నుంచి ఒక కాగితం వచ్చింది. ఇకమీదట లాంతరు బొమ్మ పక్కన ఎర్ర చుక్క ఉన్న అట్టలే చెల్లుతాయి, పాతవి చెల్లవు, ఈ రోజు నుంచే అమలు. అది చదివి నేను చేసిన మొదటి పని గట్టిగా ఊపిరి పీల్చుకోవడం. ఇక ఆయనకు స్టవ్వు ఇవ్వాల్సిన పనే లేదు. తప్పు కంపెనీది. నా దొంగతనం మీద కంపెనీ తనంతట తానే దుప్పటి కప్పింది.

ఆ వారమే సంత రోజున కంపెనీ వ్యాను ఎమ్మిగనూరుకు వచ్చింది. పైన మైకు, పక్కన పెద్ద లాంతరు బొమ్మ. బళ్లారి నుంచి వచ్చిన మేనేజరు మైకు పట్టుకుని ఎర్ర చుక్క గురించి చెబుతున్నాడు. నేను ఆయన పక్కన కూర్చుని కాగితాలు పంచుతున్నాను. సంతలో జనం మధ్య వ్యాను నెమ్మదిగా పోతోంది. బస్టాండు ముందుకు రాగానే ఒక గొంతు మైకును మించిపోయింది.

"హోల్డాన్!"

మా డ్రైవరు ఒకప్పుడు బస్సు నడిపినవాడు. ఆ మాట చెవిన పడగానే కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. మేనేజరు పళ్లు మైకుకు కొట్టుకున్నాయి. ఆ చప్పుడు సంతంతా వినిపించింది. జనం ఒకటే నవ్వు.

కండక్టరప్ప వ్యాను ముందుకు వచ్చి, ఎప్పటిలాగే కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. చేతిలో దారంతో కట్టిన అట్టల కట్టలు.

"సార్, ఇవి సెల్లవంటాండారా?"

"కంపెనీ రూలు పెద్దాయనా," అన్నాడు మేనేజరు పెదవి తడుముకుంటూ. "నా చేతిలో ఏమీ లేదు."

"రూలు మీదే, కాదన్లేదు. ఈ అట్ట యాడిది? మీదే కదా? దీని మీద రెండువందల యాభైకి స్టవ్వు అని రాసింది మీరే కదా? నేను పాతికేండ్లు టికెట్లు కొట్టినా సార్. ఎమ్మిగనూరుకని టికెట్టు ఇచ్చినాక, నడిమధ్యలో చార్జీ పెరిగిందని ప్యాసింజరును కోటేకల్లు కాడ దించుతారా? పెరిగిన చార్జీ కొత్తగా ఎక్కేటోళ్లకు. ఎక్కి కూర్చున్నోళ్లకు కాదు."

మేనేజరు ఏదో అనబోయాడు. హోటల్లోంచి మస్తాన్ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"సార్, ఆయన్ని దించితే మేము గూడా దిగిపోతాం. రేపట్నుంచి నా హోటల్లో వేరే టీపొడి. ఈ వరసలో నాలుగు హోటళ్లుండాయి. అడగండి కావాలంటే."

అడగాల్సిన పని లేకపోయింది. మిగతా ముగ్గురూ అప్పటికే బయటికి వచ్చి నిలబడి ఉన్నారు. మేనేజరు వాళ్లను చూశాడు, జనాన్ని చూశాడు, మైకు నోటికి కొంచెం దూరంగా పెట్టుకుని ప్రకటించాడు. నెలాఖరు దాకా పాత అట్టలు కూడా తీసుకుంటారు. ఆదోని ఏజెన్సీకి వచ్చి బహుమతి తీసుకోవచ్చు.

జనం ఈలలు వేశారు. కండక్టరప్ప చెయ్యెత్తి ఆపాడు.

"ఇంకొక మాట. స్టాకుండాదా?"

మేనేజరు నా వైపు తిరిగాడు. సంతంతా నా వైపు తిరిగినట్టే అనిపించింది.

"ఉంది సార్," అన్నాను. ఆ క్షణంలో అది మా ఇంట్లో అన్నం ఉడికిస్తూ ఉంది.

"అట్టలెన్నున్నాయి మీ దగ్గర?" మేనేజరు కండక్టరప్పను అడిగాడు.

"రెండువందల ముప్పై ఎనిమిది."

"సరే పోనీలెండి. పన్నెండేగా తక్కువ. రేపే వచ్చి తీసుకుపోండి."

"వద్దు సార్," అన్నాడు కండక్టరప్ప. "తక్కువ టికెట్టుతో నేనెప్పుడూ ఎవుర్నీ రానీలేదు. నెలాఖరుకు ఇంకా ఆరు దినాలుండాది."

మస్తాన్ ఊరుకోలేదు. లోపలికి పోయి ప్యాకెట్లు విప్పబోయాడు. ఆయన వద్దన్నాడు. "ఇప్పుడే అన్నీ విప్పితే టీపొడి వాసన పోతాది. నీ గిరాకీని నాకోసం సెడగొట్టుకోవద్దప్పా. దినానికి రెండు. ఆరు దినాలు. రైట్." ఆ రైట్ వినగానే మా డ్రైవరు గేరు వేశాడు. మేనేజరు చెప్పేదాకా ఆగలేదు.

ఆ ఆరు రోజులూ పని ముగియగానే సైకిలెక్కాను. ఆదోనిలో స్టవ్వుల అంగళ్లన్నీ తిరిగాను. జీతం రావడానికి ఇంకా పది రోజులుంది. అప్పు అడగడానికి మొహం చెల్లలేదు. ఆఖరి రోజు ఉదయం పదకొండు గంటలకు ఆయన ఏజెన్సీ మెట్లెక్కి వచ్చాడు. ఉతికిన పంచె, ఇస్త్రీ చొక్కా. యాభైకొక కట్ట చొప్పున ఐదు కట్టలు మా ఏజెన్సీ యజమాని సేటు బల్ల మీద పెట్టాడు. సేటు లెక్కపెట్టబోతే, "ఉండు సేటూ, నీకు పొద్దు పోతాది," అని బొటనవేలు తడి చేసుకుని నిమిషంలో ఐదూ తిప్పి చూపించాడు. ఒక్క అట్ట తేడా లేదు.

"పోయి స్టవ్వు తీసుకురా," అన్నాడు సేటు నాతో.

"గోడౌనులో అడుగున ఉంది సేటూ. తీయడానికి కొంచెం సేపు పడుతుంది," అని చెప్పి, వెనక తలుపు నుంచి బయటపడి సైకిలెక్కాను.

ఇంటికి పోయేసరికి స్టవ్వు మీద పప్పు ఉడుకుతోంది. నా భార్య పక్కన కూర్చుని వంకాయలు తరుగుతోంది. చెమటతో, రొప్పుతో నిలబడ్డ నన్ను చూసి లేచింది.

"ఏమైంది?"

చెప్పాను. నిలబడే చెప్పాను, మొత్తం చెప్పాను. కంపెనీ ఇవ్వలేదని, నేనే తెచ్చానని, అది ఉబ్బసం ఉన్న ఒకామెకు పోవాల్సిందని. నేను ఆపాక ఆమె కొంగుతో పట్టుకుని పప్పు గిన్నె దించింది. వత్తులు ఆర్పింది. స్టవ్వులో మిగిలిన కిరసనాయిలు సీసాలోకి వంచింది. పై గిన్నె, కాళ్లు తుడిచింది. స్టవ్వు వచ్చిన డబ్బాలో అన్నాళ్లూ ఉల్లిగడ్డలు పోసి ఉంచింది, వాటిని నేల మీద కుమ్మరించింది. స్టవ్వు డబ్బాలో పెట్టి నా చేతికిచ్చింది.

"పో. ఆయన నిలబడి ఉంటాడు," అంది.

నిజమే, నిలబడే ఉన్నాడు. సేటు కుర్చీ చూపించినా బల్లకు ఆనుకునే ఉన్నాడు. నేను డబ్బా ముందు పెట్టాను. సేటు ఎవరితోనో ఫోనులో గట్టిగా మాట్లాడుతున్నాడు. కండక్టరప్ప మూత తెరిచాడు. ఒక ఉల్లిపొట్టు గాల్లోకి లేచి ఆయన చొక్కా మీద వాలింది. దాన్ని వేలితో తీసి చూశాడు. లోపలికి వంగి స్టవ్వు మీద చెయ్యి పెట్టాడు, వెంటనే తీసేశాడు. తర్వాత నా వైపు చూశాడు. ఎంతసేపు చూశాడో తెలియదు. నాకు మాత్రం సేటు ఫోను ఎప్పటికీ ముగియకూడదని ఉంది.

"బాగుండాది," అన్నాడు కండక్టరప్ప. డబ్బా మూసి భుజాన పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నేను గోడౌను నుంచి ఒక స్పూను కూడా తీసుకుపోలేదు. ఎమ్మిగనూరు లైనుకు పోవడం మాత్రం మానలేను కదా. ఆయన ఎప్పటిలాగే నన్ను పట్టుకుని స్కీములు అడిగేవాడు, తప్పులు పట్టేవాడు, పది మందినీ నా మీద నవ్వించేవాడు. స్టవ్వు మాట ఎత్తలేదు. పెద్దమ్మ దగ్గు తగ్గిందని మస్తాన్ చెప్పాడు. నేను వాళ్లింటికి మాత్రం పోలేదు. మా ఇంట్లో మళ్లీ పత్తికట్టె వచ్చింది. నా భార్య దాని గురించి ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. అదే నాకు కష్టంగా ఉండేది.

ఏడాది దాటాక ఒక ఆదివారం పొద్దున మా వీధి చివర పరిచయమున్న గొంతు వినిపించింది. "జరగండి, జరగండి, సామానుండాది." కండక్టరప్ప భుజాన కొత్త డబ్బాతో వస్తున్నాడు. ఇల్లు ఎవరిని అడిగి తెలుసుకున్నాడో. నేను గబగబా లేచి ఎదురుపోయాను. నన్ను దాటుకుని లోపలికి పోయి, డబ్బా నా భార్య ముందు దించాడు.

"అమ్మా, ఇది వేరే కంపెనీ బట్టల సబ్బు స్కీములో వచ్చింది. రేవు కాడ అడిగి కూడబెట్టిన నూట యాభై కాయితాలు. మా ఇంట్లో ఒకటుండాది కదా, రెండోది ఎందుకు? నీకు పనికొస్తాదని తెచ్చినా."

డబ్బా విప్పితే కొత్త వత్తుల స్టవ్వు. వత్తులు ఎంత పైకి తీయాలో, ఎంత తీస్తే మసి పడుతుందో ఆమెకు వివరంగా చెప్పాడు. ఆమె టీ పెట్టింది, ఆ స్టవ్వు మీదే. ఆయన నిలబడే తాగాడు.

బస్టాండు దాకా సాగనంపడానికి వెంట నడిచాను. సగం దారిలో ఇక ఆగలేకపోయాను.

"అప్పా, ఆ పొద్దు నేనిచ్చిన స్టవ్వు..."

"తెలుసు లేప్పా," అన్నాడు. "బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకున్నా. కోటేకల్లు వచ్చే లోపల నా తొడలు కాలినాయి. గోడౌనులో మూలకున్న కొత్త స్టవ్వు యాడన్నా అట్ల కాల్తాదా?"

నేను తలవంచుకున్నాను.

"మీ ఇంటామెకు తెలుసా?"

"ఆ పొద్దే చెప్పినా. ఆమే దించి ఇచ్చింది."

"ఆమెకు సెప్పినావు కదా. ఇంక నాకెందుకు సెప్తావు?"

బస్టాండు చేరాం. ఎమ్మిగనూరు బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఆయన ఎక్కబోయి, మెట్టు మీద కాలు పెట్టి, ఏదో మరిచిపోయినవాడిలా వెనక్కి తిరిగాడు.

"ఒక మాట అడగాల. మా ఆమె అడిగి రమ్మనింది. ఆ స్టవ్వు లోపల వత్తుల కాడ పప్పు కారిన మరక ఉండె, ఆ పొద్దుదే. ఎవురో ఆడబిడ్డ ఉడుకుతాండే గిన్నె దించి ఇచ్చింది, ఆ పూట వాళ్లు తిన్నారో లేదో అని ఏడాది పొడుగునా నా పానం తీస్తాండాది. తిన్నారా?"

"తిన్నామప్పా," అన్నాను. "పప్పు ఉడకలేదు. పలుకుగా ఉండె. అట్లనే తిన్నాం."

ఆయన ముఖం విప్పారింది. పెద్దగా నవ్వాడు.

"ఉడకకున్నా తిన్నారు కదా, సాలు. పోతూనే ఆమెకు సెప్తా," అంటూ బస్సెక్కాడు.